బాగున్నప్పుడే అడగాల్సిన టెస్టు

"ఎలా ఉంది? రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు? రక్తం పడుతోందా?"

పేగుల్లో వాపు జబ్బు ఉన్నవాళ్లం గ్యాస్ట్రో డాక్టర్ గదిలో ఎక్కువగా వినేవి ఈ మూడు ప్రశ్నలే. మన జవాబును బట్టి మందు పెరుగుతుంది, తగ్గుతుంది, లేదంటే అదే నడుస్తుంది. నాకున్నది అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే రకం. ఏళ్ల తరబడి ఆ గదుల్లో కూర్చున్నాక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. ఆ మూడు ప్రశ్నలూ కావాల్సినవే. కానీ కేవలం వాటి మీద ఆధారపడి మందులు నిర్ణయించే పద్ధతి మన దగ్గర ఇకనైనా మారాలి. రక్తంలో సీఆర్పీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్లను కొలిచి, పేగు లోపల వాపు ఎంతుందో బయటినుంచే అంచనా వేసే పరీక్షలు వచ్చి చాలా కాలమైంది. వాటిని రోగి పూర్తిగా పడిపోయాక రాస్తున్నారు. బాగున్నప్పుడు రాయాలి.

ఎందుకంటే ఈ జబ్బులో మనకు ఎలా అనిపిస్తోంది అన్నదీ, పేగు ఎలా ఉంది అన్నదీ ఒకటి కావు. పేగు వాపు జబ్బుల్లో రెండో ముఖ్య రకమైన క్రోన్స్ జబ్బు తీవ్రతను లెక్కవేయడానికి 1976లో అమెరికాలో ఒక స్కోరు తయారుచేశారు. వారం రోజులు రోగి డైరీ రాయాలి: ఎన్ని మోషన్లు, నొప్పి ఎంత, ఒంట్లో ఎలా ఉంది. వీటికి బరువు, ఇంకొన్ని విషయాలు కలిపి లెక్క కడతారు. అందులో రక్తపరీక్ష అంటూ ఉన్నది, రక్తంలో ఎర్రకణాల పాలు ఎంతో చెప్పే హెమటోక్రిట్ ఒక్కటే. దశాబ్దాల పాటు క్రోన్స్ మందుల మీద పెద్ద ప్రయోగాలు చాలావరకు ఆ స్కోరు మీదే నడిచాయి. తర్వాత సోనిక్ అనే ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల వివరాలను తిరిగి పరిశీలిస్తే, ఆ స్కోరు ప్రకారం జబ్బు అదుపులో ఉన్నట్టు తేలినవాళ్లలో దాదాపు సగం మందికి ఎండోస్కోపీలోనో (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష), రక్తంలోనో, రెండింటిలోనో వాపు ఇంకా కనిపించింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నిజంగానే బాగున్నామనుకున్నారు. లోపల మాత్రం నివురుగప్పిన నిప్పులా జబ్బు ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి కూడా ఉంది, దాని గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు. వాపు పూర్తిగా తగ్గాక కూడా కొందరికి కడుపునొప్పి, పలుచని విరేచనాలు పోవు. పేగు మానింది కానీ దాని కదలికలు, నరాల స్పందన మామూలు కాలేదు. అలాంటి మనిషి "రోజుకు ఆరుసార్లు వెళ్తున్నానండీ" అనగానే స్టెరాయిడ్ రాసేస్తే? ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఎముకలు బలహీనపడతాయి. జబ్బు అక్కడ లేనే లేదు కాబట్టి ఆ మందుతో తగ్గేదేమీ ఉండదు. తగ్గకపోయేసరికి "ఈ మందు పని చేయట్లేదు" అని ఇంకో పెద్ద మందుకు వెళ్తారు. కొలత లేకుండా వైద్యం చేస్తే రెండు వైపులా నష్టమే.

కొలత ఉండాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు కొలైటిస్‌కు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుందని చూపించినప్పుడు, తీవ్రమైన జబ్బు అంటే ఏమిటో కూడా రాశారు. రోజుకు ఆరు లేదా అంతకు మించి రక్తంతో విరేచనాలు, దాంతోపాటు జ్వరం, నాడి వేగం, హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసి వాపును అంచనా వేసే రక్తపరీక్ష). రోగి మాటతో పాటు రక్తం మాట కూడా వినాలని వాళ్లకు అప్పుడే తెలుసు. ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బును గుర్తించడానికి ఆ కొలమానం ఇప్పటికీ వాడుతున్నారు. చిక్కల్లా చాలాచోట్ల మనం ఆ ఈఎస్ఆర్ దగ్గరే ఆగిపోవడంతో వచ్చింది. ఈఎస్ఆర్ నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా దిగుతుంది. రక్తహీనత ఉన్నా, గర్భంతో ఉన్నా, వయసు పెరిగినా మారుతుంది. కొలైటిస్ ఉన్న ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కర్లేదు.

దానికంటే మెరుగైంది సీఆర్పీ, అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడైనా వాపు మొదలైతే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు అందుకుని లివర్ దీన్ని తయారుచేస్తుంది. రక్తంలో దీని అర్ధాయువు సుమారు 19 గంటలే కాబట్టి వాపు తగ్గితే ఇదీ తొందరగానే దిగుతుంది. చవక, ఏ చిన్న ఊళ్లోనైనా చేస్తారు. కానీ ఇది పేగుకు మాత్రమే చెందినది కాదు. వైరల్ జ్వరం వచ్చినా, పంటి కింద చీము పట్టినా పెరుగుతుంది. ఇంకో సంగతి, నాలాంటివాళ్లకు ముఖ్యమైనది: క్రోన్స్ జబ్బు పేగు గోడ మొత్తాన్ని లోతుగా పట్టుకుంటుంది కాబట్టి సీఆర్పీ బాగా పెరుగుతుంది. అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా లోపలి పొరకే పరిమితం. అందుకని చాలామందిలో జబ్బు ఉన్నా సీఆర్పీ పెద్దగా కదలదు, ముఖ్యంగా జబ్బు మలద్వారం దగ్గరి భాగంలోనే ఉన్నప్పుడు. క్రోన్స్ ఉన్నవాళ్లలోనూ పుట్టుకతోనే సీఆర్పీ అంతగా పెరగని శరీరతత్వం కొందరికి ఉంటుంది.

ఈ తేడా తెలియని చోట ఏం జరుగుతుందో నేను అనుభవించాను. మోషన్‌లో జిగురు పడుతోందని, పొద్దున్నే పరుగెత్తాల్సి వస్తోందని చెబితే, ఒక ఆసుపత్రిలో రిపోర్టు చూసి "సీఆర్పీ నార్మల్ అమ్మా, ఇదంతా మీ టెన్షన్" అన్నారు. ఆ మాట మనసులో ఎంత లోతుగా దిగుతుందో ఈ జబ్బు ఉన్నవాళ్లకు తెలుసు. మన ఒళ్లు మనకు చెబుతున్నదాన్ని మనమే అనుమానించడం మొదలుపెడతాం. తర్వాత ఇంకొక డాక్టర్ మోషన్‌లో కాల్‌ప్రొటెక్టిన్ చూద్దామన్నారు. అది 600 దాటింది, అంటే బాగా ఎక్కువ. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూస్తే, పుండ్లు కనిపించాయి. సీఆర్పీ నార్మల్ అన్న రిపోర్టు తప్పేమీ కాదు. దాన్ని చదివిన తీరే తప్పు.

కాల్‌ప్రొటెక్టిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లో ఉండే ప్రొటీన్ ఇది. ఆ కణం లోపలి ద్రవంలో ఉన్న ప్రొటీన్లలో ఇంచుమించు సగం ఇదే. జింకు, మాంగనీస్ లాంటి లోహాలను పట్టేసుకుని క్రిములకు అందకుండా చేయడం దీని పని. 1980లో నార్వేలోని ఓస్లోలో మాగ్నే ఫాగర్‌హోల్ బృందం దీన్ని మొదట వేరుచేసింది. పేగు లోపలి పొర వాచి పుండు పడినప్పుడు న్యూట్రోఫిల్స్ గుంపులుగా అక్కడికి చేరి, గోడ దాటి పేగులోకి జారిపోతాయి. వాటితో పాటే ఈ ప్రొటీన్ కూడా మలంలోకి వస్తుంది. బ్యాక్టీరియా దీన్ని తొందరగా అరిగించలేదు, అందుకే మలంలో కొన్ని రోజులు చెక్కుచెదరకుండా ఉంటుంది. 1992 నాటికి దాన్ని మలంలో కొలిచే పద్ధతి వచ్చింది. రక్తపరీక్ష ఒళ్లంతటి గురించీ చెబుతుంది. ఇది మాత్రం నేరుగా పేగునుంచి వచ్చే కబురు.

గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మామూలు అని ఎక్కువ ల్యాబులు రాస్తాయి. కానీ ఆ 50 అన్నది, అసలు జబ్బు ఉందా లేదా అని వెతికేటప్పుడు పనికొచ్చే గీత. జబ్బు ఉందని ముందే తెలిసినవాళ్లకు 150, 250 అనే గీతలు వాడతారు. ఈ సంగతి తెలియక రిపోర్టులో 90 పక్కన ఎర్ర గుర్తు చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లు నాకు తెలుసు. కొలైటిస్ ఉన్న మనిషికి 90 అంటే మంచి కబురే. ల్యాబులు ఈ ముక్క రిపోర్టు అడుగున ఒక్క వరుసలో రాస్తే ఎంత బాగుంటుందో.

ఇక బాగున్నప్పుడు ఎందుకు చూడాలి అన్నదానికి వస్తాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మీద ఉండి, జబ్బు అదుపులో ఉన్న కొలైటిస్ రోగులను క్రమం తప్పకుండా పరీక్షించిన ఒక యూరప్ అధ్యయనం 2013లో వచ్చింది. మళ్లీ జబ్బు తిరగబడినవాళ్లలో, లక్షణాలు రావడానికి సుమారు మూడు నెలల ముందునుంచే కాల్‌ప్రొటెక్టిన్ పెరగడం కనిపించింది. నెల తేడాతో వరుసగా రెండుసార్లు 300 దాటడం, ఒక్కసారి దాటడం కంటే నమ్మదగిన హెచ్చరిక అని కూడా తేలింది. మూడు నెలలు అంటే చిన్న విషయం కాదు. ఆ సమయంలో డోసు సరిచేసుకోవచ్చు, మానేసిన మెసలమైన్ (పేగు వాపు తగ్గించే మందు) మళ్లీ మొదలుపెట్టవచ్చు, ఇంట్లో పెళ్లో, పిల్లల పరీక్షలో ఉంటే ముందే సర్దుకోవచ్చు. ఎన్నోసార్లు స్టెరాయిడ్ వరకు వెళ్లకుండానే ఆగిపోవచ్చు.

"నంబరు ముందే తెలిస్తే నిజంగా మనిషికి మేలు జరుగుతుందా, ఊరికే భయం పెరుగుతుందా?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతికిందే కామ్ అనే ప్రయోగం. 2017 చివర్లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. క్రోన్స్ జబ్బు మొదటి దశల్లో ఉన్న 244 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు లక్షణాలను బట్టి మందు పెంచారు. రెండో జట్టుకు లక్షణాలతో పాటు కాల్‌ప్రొటెక్టిన్ 250కి చేరినా, సీఆర్పీ లీటరుకు 5 మిల్లీగ్రాములకు చేరినా పెంచారు. రెండు జట్లకూ మందులు ఒకటే. తేడా అంతా ఏం చూసి నిర్ణయం తీసుకున్నారన్నదే. 48 వారాలకు పేగు లోపలి పొర మానినవాళ్లు మొదటి జట్టులో 30 శాతం, రెండో జట్టులో 46 శాతం. కొత్త మందేమీ కనిపెట్టకుండా, ఉన్న మందునే సరైన సమయంలో పెంచితే వచ్చిన ఫలితం ఇది. అది క్రోన్స్ జబ్బు మీద చేసిన ప్రయోగం, అదీ జబ్బు కొత్తగా వచ్చినవాళ్ల మీద. నాలాంటి పాత కొలైటిస్‌కు అచ్చంగా అదే లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ లక్షణాలు మాత్రమే చూస్తూ కూర్చుంటే ఎంత పోగొట్టుకుంటామో ఇంతకంటే స్పష్టంగా చూపించిన ప్రయోగం నాకు కనపడలేదు. 2021లో వచ్చిన స్ట్రైడ్-2 అనే అంతర్జాతీయ సిఫార్సుల్లో కూడా లక్షణాలు తగ్గడం తొలి మెట్టు మాత్రమే. సీఆర్పీ మామూలు కావడం, కాల్‌ప్రొటెక్టిన్ 100–250 మధ్యకు దిగడం మధ్య మెట్టు. పేగు మానడం చివరి గమ్యం.

ఇంత చెప్పాక, నంబరును దేవుడిలా చూసేవాళ్లతో కూడా నాకు పేచీ ఉందని చెప్పాలి. న్యూట్రోఫిల్స్ ఎందుకొచ్చాయో కాల్‌ప్రొటెక్టిన్‌కు తెలియదు. మోకాళ్ల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు దాన్ని పెంచుతాయి. గ్యాస్‌కు రోజూ పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ రకం మాత్రలు వాడేవాళ్లలో కూడా పెరగవచ్చు. కలుషితమైన నీళ్లు తాగి వచ్చిన విరేచనాల్లో పెరుగుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో పెరుగుతుంది. చంటిపిల్లల్లో ఏ జబ్బూ లేకుండానే ఎక్కువ ఉంటుంది. చిన్నపేగుకే పరిమితమైన క్రోన్స్‌లో జబ్బు ఉన్నా అంతగా పెరగకపోవచ్చు. ఒకే రోజు ఉదయం, సాయంత్రం ఇచ్చిన శాంపిళ్లలో కూడా తేడా వస్తుంది. కంపెనీల కిట్లు ఒకదానితో ఒకటి సరిపోలవు కాబట్టి ల్యాబు మారిస్తే నంబర్లను పోల్చకూడదు. నేను ఎప్పుడూ ఒకే ల్యాబులో, పొద్దున మొదటి మోషన్ ఇస్తాను. నొప్పి మాత్రలు వేసుకుని ఉంటే డాక్టర్‌కు ముందే చెబుతాను. సీఆర్పీ విషయంలో ఇంకో చిక్కు: కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) లెక్క రాస్తాయి. ఒకచోట 8, ఇంకోచోట 0.8 అని ఉంటే జబ్బు పదో వంతుకు తగ్గిందని సంబరపడకూడదు, రెండూ ఒకటే.

మన ప్రాంతంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇక్కడ అమీబా ఉంది, పేగు టీబీ ఉంది. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటిలోనూ చిన్నపేగు చివర పుండ్లు, బరువు తగ్గడం, సీఆర్పీ, కాల్‌ప్రొటెక్టిన్ పెరగడం ఉంటాయి. ఏది ఏదో ఈ నంబర్లు తేల్చలేవు. దానికి బయాప్సీ, స్కాన్, ఇంకా చాలా కావాలి. టీబీ ఉందని తెలియకుండా స్టెరాయిడో, రోగనిరోధక శక్తిని అణిచే అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షనో ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పాశ్చాత్య దేశాల పట్టికను తెచ్చి "250 దాటింది కాబట్టి మందు పెంచు" అని ఇక్కడ గుడ్డిగా వాడటానికి లేదు. ముందు మోషన్ కల్చర్, అమీబా పరీక్ష, సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ కాదని తేల్చుకోవాలి. మన డాక్టర్లలో చాలామంది ఈ పని శ్రద్ధగా చేస్తారు. వాళ్లు పరీక్ష మీద పరీక్ష రాస్తున్నారని విసుక్కునే ముందు, ఎందుకు రాస్తున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ జబ్బు పట్నాలవాళ్లకు, కార్పొరేట్ ఉద్యోగాలవాళ్లకు వచ్చేదన్న అపోహ ఇంకా ఉంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు తెలంగాణ గ్రామాలకు వెళ్లి శిబిరాలు పెట్టి, పట్నపు రోగులను కూడా కలిపి 30,000 మందికి పైగా కడుపు లక్షణాలున్నవాళ్లను పరిశీలించారు. 2023లో వచ్చిన ఆ అధ్యయనంలో పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఈ జబ్బు ఇంచుమించు ఒకే పాళ్లలో బయటపడింది. అంటే కొలనోస్కోపీ కోసం బస్సెక్కి జిల్లా దాటి రావాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఊళ్లోనే డబ్బాలో శాంపిల్ ఇచ్చే పరీక్ష ఎంత ఉపయోగమో ఆలోచించండి.

మరి కొలనోస్కోపీ అక్కర్లేదా? కావాలి. ఎప్పుడు కావాలో, ఎప్పుడు అక్కర్లేదో తేల్చిచెప్పే మంచి లెక్క అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2023లో కొలైటిస్ గురించి ఇచ్చిన సిఫార్సుల్లో ఉంది. నాకు అందులో బాగా నచ్చింది దాని నిజాయితీ. మనిషి పూర్తిగా బాగున్నాడు, కాల్‌ప్రొటెక్టిన్ 150 లోపు ఉంది: లోపల చెప్పుకోదగ్గ జబ్బు దాగి ఉండే అవకాశం నూటికి అయిదు లోపే, కాబట్టి కెమెరా వేయక్కర్లేదు. మనిషి బాగా ఇబ్బందిపడుతున్నాడు, నంబరు 150 దాటింది: జబ్బు ఉన్నట్టే, కెమెరా కోసం ఆగకుండా చికిత్స మార్చవచ్చు. మధ్యలో ఉన్నవాళ్లున్నారే, కాస్త రక్తం, కాస్త పరుగు, మిగతా అంతా పర్లేదనేవాళ్లు, వాళ్లకు నంబరు ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా దాన్ని నమ్మి మందు మార్చకూడదు. ముందే జబ్బు ఉండొచ్చు, లేకపోవచ్చు అన్నది చెరిసగంగా ఉన్న చోట, పరీక్ష ఎటు చూపించినా తప్పయ్యే అవకాశం ఎక్కువే మిగులుతుంది. అక్కడ కెమెరాతో లోపల చూడాల్సిందే. బాగున్నవాళ్లకు ఆరు నెలలనుంచి ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించమని కూడా వాళ్లే చెప్పారు.

ఆరు నెలలకోసారి అన్నది మా ఇంట్లో చెబితే అమ్మ మొహం అదోలా పెట్టింది. "బాగానే ఉన్నావుగా తల్లీ, మళ్లీ ఎందుకీ టెస్టులు? కొరివితో తల గోక్కోవడం కాకపోతే!" అంది. అమ్మ బాధ ఖర్చు గురించి కాదు. పరీక్ష చేయిస్తే జబ్బు వస్తుందన్నట్టు మనవాళ్లకు ఒక భయం ఉంటుంది. దానికి తోడు ఇది మలం పరీక్ష. రక్తం ఇచ్చి వచ్చానంటే ఎవరూ ఏమీ అనుకోరు. డబ్బా పట్టుకుని బాత్రూంలోకి వెళ్లడం, దాన్ని కవర్లో చుట్టి ల్యాబుకు ఇవ్వడం, ఉమ్మడి ఇంట్లో అత్తామామల ముందు, హాస్టల్లో అమ్మాయిల మధ్య ఎంత కష్టమో ఊహించుకోండి. చాలామంది ఆడపిల్లలు ఈ ఒక్క కారణంతో పరీక్ష వాయిదా వేస్తారు. డాక్టర్లు చీటీ మీద టెస్టు పేరు రాసి పంపేసే బదులు, శాంపిల్ ఎలా తీయాలి, ఎంత కావాలి, ఎంతసేపట్లో ఇవ్వాలి అన్నది ఒక్క నిమిషం చెప్పినా సగం సిగ్గు పోతుంది. కొద్దిగా ఇస్తే చాలు, గంటలోపే ఇవ్వాలన్న హడావుడి లేదు అని తెలిస్తే పని ఎంత తేలికవుతుందో.

డబ్బు విషయం కూడా దాటవేయలేను. సీఆర్పీ వందల్లో అయిపోతుంది. కాల్‌ప్రొటెక్టిన్‌కు చాలాచోట్ల వేలల్లో పడుతుంది. మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితేనే ఖర్చు ఇస్తుంది కాబట్టి ఇది జేబులోంచే పోతుంది. జబ్బు తిరగబడి ఆసుపత్రిలో చేరితే వేలకు వేలు ఇచ్చే బీమా, చేరకుండా ఆపగలిగే పరీక్షకు ఇవ్వకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ పరీక్ష అందుబాటులోకి తేవాలని నేను కోరుకుంటాను. చేయించుకునేవాళ్లు పెరిగితే బయట ధర కూడా దిగుతుంది.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. ప్రతి విజిట్‌కూ మనకు రాసే రక్తపరీక్షల చీటీ ఒకసారి చూసుకోండి. ఈఎస్ఆర్, థైరాయిడ్, లిపిడ్లు, విటమిన్ ప్యానెల్. ఇవన్నీ ప్రతిసారీ అవసరమా అని అడగడం మన హక్కు. రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథియోప్రిన్ లాంటి మందు వాడేవాళ్లకు రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష మానకూడదు, అవి ఉండాల్సిందే. మిగతా వాటిలో ఏడాదికోసారి చాలు అనుకున్నవి తీసేసి ఆ డబ్బుతో కాల్‌ప్రొటెక్టిన్ రాయమని నేను మా డాక్టర్‌ను అడిగాను. ఆయన చీటీ తిరగేసి చూసి, రెండు కొట్టేసి, దాన్ని చేర్చి, పక్కన వచ్చే పరీక్ష ఏ నెలలో చేయించాలో కూడా రాశారు.